ఆగినచోటే ఉండనియ్యి

ఒవైస్ చనిపోయిన నలభయ్యో దినం ఫాతిహా ప్రార్థన అయిన మర్నాడు, తొర్రూరు బడిలో నాలుగో పీరియడుకు అతని గొంతు వినిపించలేదు. గంటతోపాటు "పిల్లలూ, లెక్కల పుస్తకాలు తియ్యండి" అని పలికే ప్రోగ్రామును అతనే తన గొంతు రికార్డు చేసి రాసిచ్చాడు. అతని అక్క మెహనాజ్ ఆ బడిలోనే లెక్కల టీచరు. సుద్దముక్క పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది.

అటెండర్ యాకయ్య ఉరికి కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. ఐదో పీరియడుకు గొంతు పలికింది. ఆ నెలలో మూడుసార్లు అలాగే జరిగింది. ఇలాగే ఆగుతుంటే కొత్త గంట కొనక తప్పదని హెడ్మాస్టర్ నెమ్మదిగానే చెప్పారు.

ఆదివారం ఒవైస్ స్నేహితుడు మధు హన్మకొండ నుంచి బడికి వచ్చి కంప్యూటర్ చూశాడు.

"ఏం జరిగిందో రాసిపెట్టే లాగ్ ఉంటదక్కా. మనోడు అది మొత్తం బంద్ పెట్టిండు. ఏమైనా అయితే ప్రోగ్రాం సప్పుడు చెయ్యకుండ ఆగిపోతాంది."

"వాడంతే," అంది మెహనాజ్. "దవాఖానలో కూడా ఈ అక్కతోని 'ఏం లేదు ఆపా' అనే అన్నడు."

మధు లాగ్ తెరిచాడు. ప్రతి పనీ తేదీ, నిమిషంతో సహా నమోదయ్యేలా పెట్టాడు. తన ఇంటి నుంచే ఈ కంప్యూటర్‌ను చూసే ఏర్పాటు చేసుకున్నాడు.

"యాకయ్య మామా, ఆగంగనే నువ్వే మళ్లేస్తున్నవా?"

"టీచరమ్మ మొఖం సూడలేక బిడ్డా. నా ఉరుకుడు సూసి పోరగాండ్లు ఈలలేస్తాండ్రు."

"నువ్వు ఉరికి మళ్లేసినప్పుడల్లా ఎందుకు ఆగిందో ఆ జాడ పోతాంది. ఈసారి ముట్టకు. నాకు ఫోన్ కొట్టు."

గురువారం నాలుగో పీరియడుకు మళ్లీ ఆగింది. యాకయ్య తరగతి గుమ్మంలో నిలబడి ఆమెనే చూశాడు.

"ఆగినచోటే ఉండనియ్యి," అంది మెహనాజ్.

ముందు బెంచీలో హారిక లేచింది. "మేడం, పుస్తకాలు తియ్యాల్నా?"

"తియ్యండి."

మధ్యాహ్నం మధు ఫోన్ చేశాడు.

"దొరికిందక్కా. బడి కంప్యూటర్ వారానికోసారి, గురువారంనాడు, మీ ఇంట్ల ఒవైస్ కంప్యూటర్‌ను టైం అడుగుతాంది. జవాబు రాకుంటే అట్లనే ఎదురుచూస్తాంది."

ఫాతిహా నాటి సాయంత్రం ఆ కంప్యూటర్ ప్లగ్గు తీసి, ఒవైస్ గదికి తాళం వేసింది మెహనాజే.

"మనోడు రాసిన అసలు కోడ్ ఆ కంప్యూటర్లనే ఉందక్కా. అది తెరిస్తే ఆ ఒక్క వరుస మారుస్త. నన్ను రమ్మంటవా?"

"ఎప్పుడు రావాల్నో నేనే చెప్త," అంది.

రెండు వారాలైంది. గురువారం వస్తే నాలుగో పీరియడు గంట యాకయ్య చేత్తోనే కొడుతున్నాడు. తాళంచెవి మెహనాజ్ హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఒవైస్ గది ఇంకా తెరవలేదు.