గురుడి ముఖాన ఎర్రమచ్చ

"కుంకుమ చెయ్యి కడుక్కోకుండా కాగితం ముట్టుకున్నావా?" అని భర్త అళగిరిసామి నాయుడు అడిగేటప్పటికి సంతానలక్ష్మి రుబ్బురోలు ముందు కూర్చుని ఉంది. పొత్రం తిప్పుతూనే తలెత్తింది. ముందునాటి సాయంత్రం ఆమె గీసిన గురుగ్రహం ఆయన చేతిలో ఉంది. చారల పక్కన ఎర్రమట్టి నీళ్ళతో ఆమె దిద్దిన కోలమచ్చ మీద ఆయన వేలుంది.

"కుంకుమ కాదు. అది ఆడనే ఉండాది. నేను చూసినాను."

"నిరుడు లేంది ఈ ఏడు ఎట్ట వచ్చినాది?"

వసారాలోంచి అత్త లక్ష్మమ్మాళ్ అందుకుంది. "గురుభగవాన్ ముఖానికే మచ్చ పెడతావా? గురువారం గురువారం ఆయనకి శెనగల దండ వేసి నేను మొక్కేది ఎవరి కోసరమే? మగబిడ్డనిచ్చే దేవుడు! గీకెయ్యిరా దాన్ని."

నాయుడు కలం చెక్కే చాకు తీసి మచ్చను గీకేశాడు. ఎర్రటి పొడి నేల మీద రాలింది. కాగితం అడుగున తన పేరు రాసుకుని దొర బంగళాకు బయలుదేరాడు. పొడిని తుడిచింది సంతానలక్ష్మే.

సర్వే పనిలో వయసంతా గడిపి పళని కొండల కింద స్థిరపడిన ముసలి దొర దగ్గర నాయుడు జాబులు, లెక్కలు రాసే రాయసం చేస్తాడు. దొర కళ్ళకు పొరలు కమ్మాయి. బంగళా చుట్టూ చెట్లు తూర్పును మూసేశాయి. అందుకని దొర ఇత్తడి దుర్భిణి నాయుడి మిద్దె ఎక్కింది. గురుడు కనిపించే ప్రతి సాయంత్రం చూసి, గీసి తెమ్మని దొర ఉత్తరువు. మూడో రోజుకే నాయుడికి మెడ పట్టేసింది. "ముగ్గులు వేసే చెయ్యి కదా, నువ్వే గీసెయ్" అన్నాడు. అప్పటి నుంచి దీపం పెట్టి, పొయ్యి మీద అన్నం పడేసి, అది ఉడికేలోగా ఆమె మిద్దె ఎక్కి దిగుతోంది. గీసేది నాయుడేనని దొర నమ్మకం.

ఒక్కసారి వచ్చి చూడమని ఆమె నాయుణ్ణి బతిమాలింది. ఆయన వచ్చిన సాయంత్రం మచ్చ గ్రహానికి అవతలి వైపు ఉంది. "ఏదీ?" అన్నాడు. "ఈ పొద్దు తిరిగిపోయినాది. రేపు ఇదే వేళకి వస్తుంది" అంది. ఒక సాయంత్రం కనపడితే మరునాడు కనపడదనీ, మూడోనాడు మళ్ళీ కనపడుతుందనీ ఆమె అప్పటికే పట్టుకుంది. "నువ్వు చెప్పిన పొద్దు వచ్చేదీ, నేను చూసే పొద్దు పొయ్యేదీ! దొరతో ఇది చెప్తే నవ్వుతాడు" అని మెట్లు దిగిపోయాడు. మరునాడు అది వచ్చింది. ఆయన రాలేదు. ఆమె పదకొండుసార్లు దిద్దింది, ఆయన పదకొండుసార్లు గీకాడు.

ఆ చారలన్నీ మబ్బులేనట, వాటి కింద నేల ఉందో లేదో దొరకే తెలియదట. ఆ మాట విన్ననాటి నుంచి ఆమెకు ధాత కరువు నాటి ఆకాశమే గుర్తుకొస్తోంది. రెండేళ్ళు ఒక్క మబ్బు తునక కోసం ఊరంతా తలెత్తి చూసిన ఆకాశం. అక్కడేమో లోకమంతా మబ్బులే, తడవడానికి నేల లేదు. ఆ మబ్బుల మధ్య ఆ మచ్చ. చారలు దాని దగ్గరికొచ్చి పక్కకు ఒదిగి పోతున్నాయి. అది గాలి సుడేమోనని ఆమెకు తోచింది. గురుడిలో మన భూమి లాంటివి వెయ్యి పడతాయంటే, ఆ సుడిలో పళని, మధుర, సముద్రాలు అన్నీ మునిగిపోవాలి. అంతటి దాన్ని ఈ ఇంట్లో చాకు మొనతో లేకుండా చేశారు.

లేకుండా చేయడం ఈ ఇంటికి కొత్త కాదు. కరువు రెండో ఏట గంజి పలచబడ్డప్పుడు, "మగవాళ్ళకి ముందు పొయ్యి, మిగిలింది మనకి" అంది అత్త. కూతురు బంగారుకి అప్పుడు నాలుగేళ్ళు; తన గిన్నె పట్టుకుని వరసలో ఆఖరున కూర్చునేది. గరిటె పట్టింది సంతానలక్ష్మి చెయ్యే. ఆ సంగతి ఆమె ఎవరి మీదా నెట్టలేదు. ఆడి నెల దాటకముందే వరసలో ఆ చోటు ఖాళీ అయింది. పోయినదాని పేరు ఎత్తితే పుట్టబోయేది నిలవదని అత్త కట్టడి చేసింది. చుట్టాలు అడిగితే "మా కోడలికి ఇంకా కడుపు పండలేదు" అని చెప్పేది. నాయుడు తల ఊపేవాడు. రెండేళ్ళుగా ఆ పేరు ఆ గోడల మధ్య వినపడలేదు.

కార్తీకంలో ఒక ఉదయం నాయుడు వెళ్ళిన కాసేపటికే ఉరుకుతూ తిరిగొచ్చాడు. చంకలో కాగితాల కట్ట, చేతిలో ఎర్ర సిరాబుడ్డి.

"లక్ష్మీ!" అన్నాడు. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో. "ఇంగిలీషు సీమ నుంచి దొరకి జాబు వచ్చినాది. గురుడి మీద పెద్ద ఎర్రమచ్చ ఉండాదంట. ఆడ అందరూ చూస్తుండారంట. మన కాగితాల్లో ఉండాదా అని దొర అడిగినాడు. ఉండాదని చెప్పేసినాను. రేపు కట్ట సీమకి పోవాల. ఏ పొద్దు ఎక్కడ ఉండిందో నీకు గుర్తుండాది కదా?"

గుర్తుంది. పదకొండు సాయంత్రాలూ గుర్తున్నాయి.

"గురుభగవాన్‌కి మచ్చ పెడితే తప్పు కదా?" అంది అత్త వైపు తిరిగి.

"దొరలే చూసినారు కదే, ఇంకేం తప్పు?" అంది లక్ష్మమ్మాళ్.

సంతానలక్ష్మి కట్ట అందుకుంది. ఒక్కొక్క కాగితం మీద చాకు తిరిగిన చోట వేలు పెట్టి చూసింది. కాగితం అక్కడ పలచబడి, గరుకుగా తగిలింది. సిరాబుడ్డిని ఆయన వైపు జరిపి, కట్ట చంకన పెట్టుకుని లేచింది.

"ఎక్కడికి?"

"దొర దగ్గిరికి. కళ్ళు కనపడకపోతే ఏం, వేలితో తడిమితే తెలుస్తుంది, ఆడ ఏముండిందో, ఎవరు గీకినారో."

"నా రాయసం పోతుందే!" అన్నాడు నాయుడు.

ఆమె ఆగలేదు. లక్ష్మమ్మాళ్ గడపకు అడ్డం నిలబడింది. "ఆడది దొర ముందరికి పోతుందా? ఎవరు నువ్వని అడిగితే ఏమని చెప్పుకుంటావే?"

"బంగారుకి అమ్మనని చెప్తాను."

లక్ష్మమ్మాళ్ చెయ్యి ద్వారబంధం మీద నుంచి జారింది. సంతానలక్ష్మి వీధిలోకి నడిచింది.