ఎవరూ కొయ్యని తీగ

ట్రెవాన్ ఎస్టేట్ వైన్ సీసా మీద ఒకే పేరుంటుంది: జోసయా ట్రెవాన్. విక్టోరియా కొండల్లో బంగారం తవ్వుకున్న రోజుల్లో ఆయన పైకెక్కి, రాళ్లు పగలగొట్టి, షిరాజ్ ద్రాక్షతీగ నాటాడట. ఒక్కడే పగలగొట్టాడా? ఒక్కడే నాటాడా? ఏళ్ల తరబడి అక్కడ తీగలు కత్తిరిస్తూ, కూలీల యూనియన్ జెండా మోస్తున్నదాన్ని నేను. ఆ లేబుల్ చూస్తే ఒళ్లు మండేది. ఆ వైన్ గొంతు దిగితే మాత్రం నా నోరు కూడా మూతపడేది. చలిలో, రాతిలో, ఆలస్యంగా పండిన ఎరుపు అది. మైదానం ద్రాక్షకి చస్తే రాదు.

జనవరిలో, ఇక్కడి నడివేసవిలో, అడవి అంటుకుని పై మడి కాలిపోయింది. జోసయా నాటిన మడి అదే. ఆ వైన్ అక్కడి పళ్లతోనే చేస్తారు. అది పోతే ఆ రుచి పోయినట్టే, మళ్లీ పుట్టించడం ఎవరి తరమూ కాదు. ఇప్పటి యజమానురాలు నెరిడా సెప్టెంబరులో వసంతం వచ్చేదాకా ఎదురుచూసింది. కింది మళ్లలో మొగ్గలు ఉబ్బుతున్నా, పైన నల్లటి మోడులు అలాగే ఉన్నాయి. ఇక పెకిలించి కొత్త మొక్కలు పెట్టాల్సిందేనని తేల్చేసింది. నాతో సహా ఎవరం కాదనలేదు.

పొక్లెయిన్ నడిపేది ఆమె బాబాయి డెస్. నన్ను చూడగానే మొదలెట్టాడు.

"ఏం యూనియనమ్మా, మోడులతో కూడా సమ్మె నోటీసు ఇప్పించావా? ఒక్కటీ పనిలోకి రావట్లేదు."

"తర్వాత నీ యంత్రంతోనే ఇప్పిస్తా, కాచుకో."

నెరిడా నవ్వలేదు. "కానియ్ బాబాయ్. ఇంకాసేపు చూస్తే నా మనసు మారిపోద్ది" అంది.

ఇనప పంజా మొదటి మోడును పట్టి లాగింది. అది లేచింది. దాంతోపాటు, నాలుగు మోడుల అవతల ఇంకోటి కదిలింది.

డెస్ యంత్రం ఆపేశాడు. నేను గుంతలోకి దిగాను. మట్టిలోంచి మణికట్టంత లావు తాడులాంటిది పక్కకి పోతోంది. వేరు కాదది, పాతిన తీగ. తెగిన చోటు నల్లగా ఉంది. కత్తెర అంచుతో ఇంకాస్త లోపలికి చెక్కాను. పచ్చగా కనిపించింది. ఒక చుక్క ఊరింది. ఇంకో చుక్క. వసంతంలో కోసిన తీగ ఇలా కారితే ఏడుస్తోందంటాం మేము. చచ్చిన తీగ ఏడవదు. నెరిడా గుంత అంచున మోకాళ్ల మీద కూలబడి, ఆ నీటి కింద అరచెయ్యి పట్టింది.

పొద్దు వాలేదాకా పారలతో తవ్వుకుంటూ పోయాం. ప్రతి మోడుకీ అదే తాడు. పై బండ దగ్గరి మొదటి తీగ నుంచి కింది కంచె దాకా వరుసంతా ఒకదాన్నొకటి పట్టుకునే ఉంది. ఎక్కడ మొక్క చచ్చినా పాతకాలం కూలీలు పక్క మొక్క తీగను వంచి మట్టిలో అంటు తొక్కేవాళ్లు. నేను రాకముందే ఆ పని మానేశారు. అంటు వేరూనాక తల్లి నుంచి కోసెయ్యాలి. ఇక్కడ ఒక్కటీ కొయ్యలేదు. అందుకే పైన కాలినా, మట్టి కింద ఒకదాని నీళ్లు ఇంకోదానికి అందుతూనే ఉన్నాయి.

డెస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "తొక్కిన చెయ్యి కొయ్యకూడదు, అశుభం అనేవాడు మా నాన్న. మూడేళ్లాగి ఇంకొకళ్లు కొయ్యాలి."

"మూడేళ్లకి ఎవరు మిగిలారయ్యా ఇక్కడ? కోత అవ్వగానే తరిమేసేవాళ్లుగా మీ వాళ్లు."

ఏదో జోకు వేస్తాడనుకున్నాను. "అదీ నిజమే" అని టోపీ పెట్టుకున్నాడు.

గనులు మూతపడ్డాక వచ్చిన చైనావాళ్లు, తర్వాత ఇటలీవాళ్లు, యుద్ధంలో మగాళ్లు లేనప్పుడు ఆడవాళ్లు. ఒక్కరి పేరూ ఎక్కడా లేదు. ఒకరు వంచిన తీగను తర్వాతివాళ్లు ఇంకోచోటికి వంచుకుంటూ పోయారు. ఐకమత్యం మీద నేను గొంతు చించుకున్న ఉపన్యాసాలన్నీ ఆ గుంత ముందు ఊక.

నెరిడా లేచి, యంత్రం తాళంచెవి లాగి జేబులో వేసుకుంది.

అక్టోబరు చివర మోడుల అడుగు నుంచి చిగుళ్లు వచ్చాయి. పెకిలించిన మోడు గుంత మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆ మరుసటి శీతాకాలం పక్క తీగను వంచి నేనే అందులో తొక్కాను. మొన్నటితో మూడేళ్లు నిండాయి. కొయ్యాల్సింది నేను కాదు కనక నెరిడా కత్తెర పట్టుకుని వచ్చింది. ఆ అంటు దగ్గర కాసేపు నిలబడింది. వంగి, చుట్టూ మట్టి సర్ది, కొయ్యకుండానే కత్తెర మూసి నా చేతికిచ్చింది.

"కింది వరుస మిగిలిపోయింది బెవ్, పద" అంది.