తువ్వాలు వేసిన కుర్చీ

నేను ఒక కుర్చీని. సహజ వనరుల మండలి సమావేశాల గదిలో కొండ ప్రాంతపు సభ్యుడికి కేటాయించిన కుర్చీని. ప్రతి ప్రాంతం నుంచి అక్కడే నివసించే మనిషి ఒకరు మండలిలో ఉండి తీరాలని చట్టం. వడ్రంగి నన్ను కొండ టేకుతో చేశాడు. నిజానికి ఆ గదిలో కొండ నుంచి వచ్చింది నేనొక్కదాన్నే.

నా సభ్యుడు చక్రపాణి ఉండేది నగరంలో, సముద్రం కనిపించే మేడలో. కొండ మీద ఆయనకో విడిది ఉంది. వేసవిలో చల్లగాలికి వెళ్లొస్తాడు. చట్టం దృష్టిలో అదే ఆయన నివాసం. ఎప్పుడైనా సమావేశానికి వస్తే నా అంచున కూర్చునేవాడు. మనసులో బొంకు ఉన్నవాడు వెనక్కి ఆనుకోలేడు. రాని రోజుల్లో అటెండరు ఆయన తువ్వాలు తెచ్చి నా మీద వేసేవాడు, బస్సులో సీటు ఆపినట్టు. అధ్యక్షుడు తలలు లెక్కపెడుతూ తువ్వాలునూ కలిపేసేవాడు. ఎవరికీ నవ్వు కూడా వచ్చేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకనాడు కొండ మీద పారే గెడ్డ పక్కన రాతి క్వారీకి అనుమతి ఇవ్వాలన్న విషయం చర్చకు వచ్చింది. ఆ గెడ్డ నీళ్లే తాగే ఊరి నుంచి కిల్లో జమున వచ్చి, తనను మాట్లాడనిమ్మంది. మీ ప్రాంతానికి సభ్యుడున్నాడు, ఆయనతో చెప్పుకోమన్నాడు అధ్యక్షుడు. ఎక్కడున్నాడని అడిగితే, అలవాటు కొద్దీ నా వైపు చెయ్యి చూపించాడు.

జమున వచ్చి, తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టి, నాలో కూర్చుంది. పూర్తిగా, వెనక్కి ఆనుకుని.

"అది వేరే వాళ్ల సీటమ్మా, లేవండి," అన్నాడు అధ్యక్షుడు.

"బస్సులో అయినా తువ్వాలేసినోడు ఎక్కాల కదా బాబూ. బండి కదిలిపోతంది. ఆయనేడీ?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆడమనిషిని పట్టి లేపితే బాగుండదని అందరూ లేచి పక్క గదికి వెళ్లారు. అటెండరు తువ్వాలు తీసుకుని వాళ్ల వెనకే నడిచాడు. కాసేపటికి ఒక్కడే తిరిగి వచ్చాడు.

"అయిపోయిందమ్మా. అందరూ ఒప్పుకున్నారు."

"మా తరపునెవులు ఒప్పుకున్నారు?"

అతను పక్క గదిలో కుర్చీకి వేసి వచ్చిన తువ్వాలు వైపు చూశాడు. జమున ఏడవలేదు. లేచి వెళ్లిపోయింది.

ఇలాంటిది మళ్లీ జరగకూడదని మండలి గట్టిగా ఆలోచించింది. సభ్యుణ్ణి ఉంచి, కుర్చీని మార్చింది.

ఇప్పుడు పాత సామాన్ల గదిలో ఉన్నాను. గెడ్డ పక్కన రాయి పేలుస్తున్నారని అటెండరు ఎవరితోనో అంటుంటే విన్నాను. మనిషికి కోపం వస్తే అరుస్తాడు. చెక్క ఏం చేయగలదు? లోలోపల ఎండుతుంది. నా వీపు మీద నిలువునా బీట పడుతోంది.