శివరాత్రి మర్నాటి నిప్పు

ఉదయగిరి కొండ కింద ఆ పల్లెలో, కొండ మీద దుబ్బులుగా పెరిగే బోదగడ్డిని ఏటా శివరాత్రి మర్నాడే కాలుస్తారు. నిప్పు పెట్టేది హుసేనయ్య. పెట్టమని చెప్పే మాట మాత్రం మాలకొండమ్మది. మొగుడు పోయాక ఆ పెద్దరికం ఆమె మీద పడింది. కాల్చిన ఇరవై రోజులకల్లా దుబ్బులు పచ్చగా పిలకలు వేస్తాయి. ఉగాదికి ఆవులు కడుపారా మేస్తాయి.

ఈసారి నెల కావస్తున్నా కొండ నల్లగానే ఉంది. మాలకొండమ్మ ఒక దుబ్బు ముందు కూర్చుని మొదలు కెలికింది. పొడిపొడిగా రాలింది.

"చూసింది చాల్లే అక్కా," అన్నాడు ఆత్మకూరు నుంచి వచ్చిన తమ్ముడు పెంచలనరసయ్య. ఆమె ఆవు పలుపు అతని చేతిలో ఉంది. "దీనికి ఎముకలే మిగిలినాయి. మా ఇంట్లో వరిగడ్డి ఉండాది. తోలకపోతా."

"రెండు రోజులు ఆగరా. నిరుడూ శివరాత్రికే గదా కాల్చినాము! అదే కొండ, అదే నిప్పు. ఎందుకు రాలేదంటావు?"

"నువ్వు పెట్టమన్నావు, నేను పెట్టినా పెద్దమ్మా," అన్నాడు పక్కనున్న హుసేనయ్య. "మొలవమని గడ్డికి చెప్పడం మరిచినట్టుండావు."

నరసయ్య నవ్వలేదు. "ఈ ఏడు రెండు భాద్రపదాలు వచ్చినాయి గదక్కా. శివరాత్రి ఇరవై రోజులు ఆలస్యంగా వచ్చింది. ఎండకు పంచాంగం తెలుసా ఏంది?"

మాలకొండమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. పండగకు ముందు ఒక జల్లు పడింది. కట్టెలకు వచ్చినప్పుడు ఎండు గడ్డి నడుమ వేలెడు పచ్చ పిలకలు ఆమె కంటపడ్డాయి. వంగి నిమిరింది కూడా. కాలిస్తే ఇవేమవుతాయని అనుకుంది. అయినా కాల్చే రోజు కాల్చే రోజే కదా అని నిప్పు పెట్టమంది. తప్పు చూసీ ఆగని తనదా, ఆలస్యమైన పండగదా? ఆమెకు అంతుపట్టలేదు.

"మీ పెదనాయన అధికమాసం వచ్చిన ఏడు ఏం చేసేవాడురా, హుసేనూ?"

"పండగ చూసి చెప్పేవాడో, గడ్డి చూసి చెప్పేవాడో! నేనెప్పుడూ అడగలే."

తానూ అడగలేదు. ముప్పై ఏళ్లు మొగుడి పక్కనే ఉండి అడగలేదు.

ఆవు మూతి వంచి దుబ్బు వాసన చూసింది. బూడిద లేచి ముక్కులో పడేసరికి తుమ్మింది.

"తోలకపోరా," అంది మాలకొండమ్మ.

పది అడుగులు పోయాక ఆవు మెడ తిప్పి అరిచింది. ఆమె చప్పున హుసేనయ్య వైపు తిరిగింది.

"వచ్చే ఏడు ఏ రోజు కాల్చాలో నన్నడగొద్దు."

"ఇంకెవురిని అడిగేది పెద్దమ్మా?"

ఆమె కొండంతా కలయజూసింది. వంగి, ఆనాడు పిలకలను నిమిరిన చోట బూడిదను వేళ్లతో తోడింది.