జత కుదరని జవాబులు

“అంతా సిస్టమే చేసుకుంటోందిగా జయా, ఇంక నీకు పనేముంది?” అన్నాడు మేనేజర్ అంకమ్మరావు, తాగేసిన టీ కప్పులు నా బల్ల మీద పెడుతూ. కడగమని విడిగా చెప్పక్కర్లేదు. ఆఫీసులో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

చిలకలూరిపేట నూలు మిల్లులో నా ఉద్యోగం. పత్తి బేళ్ళ ధర చెప్పమని, గింజలు తీసి పత్తి అమ్మే జిన్నింగు మిల్లులకు ఈమెయిళ్ళు పంపుతాం. రెండు వేల ఏడులో మా ఓనరు హైదరాబాదు నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించారు. మేం పంపే ప్రతి ఈమెయిల్‌కీ అదొక నంబరు వేస్తుంది. జవాబులో ఆ నంబరు కనిపిస్తే, ఏ ప్రశ్నకు వచ్చిందో పోల్చుకుని దాని పక్కన చేరుస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ జనం నంబర్లు చూసుకుని జవాబులు రాస్తారా? ఒకాయన సబ్జెక్టులో నంబరు చెరిపేసి ‘నమస్తే’ అని పెడతాడు. సత్తెనపల్లి మిల్లు సుభానీ గారైతే నిరుడెప్పుడో మేం పంపిన ఈమెయిల్ తెరిచి, ఏ ధర చెప్పాలన్నా దానికే జవాబు కొడతారు. సిస్టమ్ దాన్ని భక్తిగా నిరుటి ప్రశ్నకే తగిలిస్తుంది. నంబరు లేనివన్నీ ‘జత కుదరనివి’ అనే పెట్టెలో పడతాయి. రోజూ పొద్దున్నే వాటిని ఒక్కొక్కటే చదివి, ఎవరిని ఏమడిగామో గుర్తు చేసుకుని కలిపేది నేను. అన్నీ కలిస్తే సిస్టమ్ గొప్ప. ఒకటి తప్పిందా, “చూసుకోవద్దా అమ్మా? కూర్చుని ఏం చేస్తున్నావ్?”

ఇంట్లోనూ అంతే. పప్పు కుదిరితే కుక్కర్ మంచిది, మాడితే నాకు ధ్యాస లేదు. “మిక్సీ ఉంది, గ్యాసుంది, ఇంకేం కష్టమే నీకు?” అని మా అత్తగారు అంటే, మా ఆయన ప్రేమ్‌చంద్ పేపర్లోంచి తల ఎత్తకుండానే నవ్వుతాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ శనివారం అంకమ్మరావు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “సోమవారం ఓనరుగారు సిస్టమ్ చూడ్డానికొస్తున్నారు. అన్నీ అదే కలుపుతోందని చెప్పా. రేపొచ్చి ఆ పెట్టె ఖాళీ చేసెయ్. ఒక్కటీ కనపడకూడదు.”

ఇంటికెళ్తే మా ఆయన, “రేపు అక్కావాళ్ళు భోజనానికొస్తున్నారు. నాటుకోడి తెస్తా, గారెలు కూడా చెయ్యి,” అన్నాడు.

“రేపు ఆఫీసుకి రమ్మన్నారండీ.”

“పొద్దున్నే వండేసి వెళ్ళు. కంప్యూటరే కదా చేసేది, అరగంట పని.”

అరగంటట! నా పని ఎంతసేపో నాకు తప్ప అందరికీ తెలుసు.

ఆదివారం పొద్దున్నే గుంటూరు బస్సెక్కాను. బ్రాడీపేటలో నా స్నేహితురాలు అఖిల ఇంట్లో, తను చేసిన ఉప్మా కూర్చుని తిన్నాను. ఎవరికీ వడ్డించకుండా తిని ఎన్నాళ్ళయిందో! ఫోను మోగింది. “ఎక్కడున్నావే? కోడి ఎవరు వండుతారు?” అని మా ఆయన అరుపు. “వచ్చేది మీ అక్కే కదండీ, మీరే వండండి,” అని పెట్టేశాను. తర్వాత అఖిలను ఇంకొంచెం ఉప్మా అడిగాను.

సోమవారం ఓనరు చెంచయ్య గారు నా కుర్చీ వెనక నిలబడ్డారు. పెట్టె తెరిచాను. శనివారం నుంచి పడ్డవాటితో తెర నిండిపోయింది. కిందికి జరిపేకొద్దీ ఇంకా వస్తూనే ఉన్నాయి. అంకమ్మరావు మొహం కందగడ్డయింది.

“ఏందమ్మా ఇది?” అన్నారు చెంచయ్య గారు.

“సిస్టమ్‌కి కలపడం రానివండీ. ఇన్నాళ్ళూ నేను కలిపాను. ఇకమీదట ఆ పని ఎవరిదో మీరే చెప్పండి.”

“నీదేనమ్మా, ఇంకెవరిది?”

“అయితే నా పనేనని కాగితం మీద రాసివ్వండి. ఆదివారం సెలవని కూడా.”

ఆయన జేబులోంచి పెన్ను తీసేదాకా నేను కీబోర్డు ముట్టుకోలేదు.