ఆరు గంటల మందు

స్టాండుకు వేలాడుతున్న సీసాలోంచి బొట్లు సరిగా పడుతున్నాయని చూసుకుని, అంకాలమ్మ తుండుగుడ్డతో నారాయణప్ప నుదురు తుడిచింది.

ప్రొద్దుటూరులోని ఆ నర్సింగ్ హోంలో ఆమె ఆయా. ఫినాయిలుకు పగిలిన అరచేతులు, సరిగా వంగని మోకాళ్లు. పదహైదు రోజులకోసారి పులివెందుల వైపు నుంచి నారాయణప్పను తీసుకొచ్చేవారు. ఒకప్పుడు ఆయన జీపు వస్తోందంటే ఊళ్లో తలుపులు మూసుకునేవి. ఇప్పుడు ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి మంచమెక్కించాలి. కండల్లో పేరుకునే చక్కెరను కరిగించే పదార్థం పుట్టుకతోనే ఆయన ఒంట్లో కొరతనీ, ఆ జబ్బు నడివయసులో బయటపడిందనీ, ఆ పదార్థాన్నే మందుగా ఎక్కిస్తున్నామనీ నర్సు చాంద్‌బీ చెప్పింది. ఐసుపెట్టెలో వచ్చే ఆ మందు ఆరు గంటలు నిదానంగా ఎక్కాలి. దద్దుర్లు లేచినా, ఊపిరి బరువైనా బెల్లు నొక్కడం అంకాలమ్మ పని.

మొదటి రోజే ఆమె ఆయన్ను గుర్తుపట్టింది. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. రెండోసారి, గదిలో ఎవరూ లేనప్పుడు చెప్పింది.

"నేను గొర్రెల చెన్నయ్య పెండ్లాన్నప్పా."

పన్నెండేళ్ల కిందట నారాయణప్ప చెప్పిన గుర్తుకు ఓటెయ్యనన్నాడు చెన్నయ్య. పోలింగు నాడే జీపులో ఎక్కించుకుపోయి జమ్మలమడుగు రోడ్డు పక్కన నరికేశారు. కోర్టులో ఆమె ఒక్కతే నారాయణప్ప పేరు చెప్పింది. చూసినవాళ్లంతా చూడలేదన్నారు. కేసు కొట్టేశారు.

సూది పెట్టిన ప్రతిసారీ ఆమె తగ్గు గొంతుతో చెన్నయ్య గురించి చెప్పేది. ఈనలేక అల్లాడే గొర్రెతో ఏం మాట్లాడేవాడో, జొన్నరొట్టెలోకి ఏ కారం అడిగేవాడో, కడుపులో ఉండగానే పోయిన బిడ్డకు ఏం పేరు అనుకున్నాడో. నారాయణప్ప లేచి పోలేడు. ఆయాను మార్చమంటే ఎందుకని అడుగుతారు. ఆడదానికి భయపడ్డాననుకుంటారు. కళ్లు మూసుకుని వినేవాడు. ఆమె మాత్రం ఒక్క బొట్టు మందు వృథా కానిచ్చేది కాదు. బతకాలి వాడు. బతికి వినాలి.

ఈ మంగళవారం ఆయన ఊపిరి ఈలలా వస్తోంది. మందు ఆలస్యంగా మొదలైందనీ, ఊపిరి కండలు అప్పటికే చెడిపోయాయనీ పొద్దున డాక్టరు అన్నాడు. మధ్యాహ్నం చాంద్‌బీ అన్నానికి పోయింది. ఆయన మనుషులు కింద బీడీలు కాలుస్తున్నారు. అంకాలమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది.

"ఇయ్యాల నేను చెప్పను. నువ్వు చెప్పు. ఆఖర్న నా మొగుడు ఏమన్నాడు?"

ఆయన పైకప్పు చూశాడు.

"నీళ్లడిగినాడు."

"ఇచ్చినారా?"

లేదన్నట్టు తల కదిలింది.

తన పేరు పిలిచి ఉంటాడనుకుంది. తిట్టి ఉంటాడనుకుంది. దాహం సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

కాసేపటికి ఆయన పెదాలు తడుపుకున్నాడు.

"కొంచెం నీళ్లియ్యమ్మా."

ఆమె లేచి స్టీలు గ్లాసు నిండా నీళ్లు ముంచింది. తెచ్చి, ఆయన చేతికి జానెడు దూరంలో బల్ల మీద పెట్టి, మళ్లీ కూర్చుంది.

"తీసుకో."

వేళ్లు కదిలాయి. చెయ్యి లేవలేదు. ఆయన గ్లాసును చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. మళ్లీ అడగలేదు.

ఎగశ్వాస మొదలవగానే ఆమె బెల్లు నొక్కింది. డాక్టరు పరుగున వచ్చి ఛాతీ నొక్కాడు, కొంతసేపటికి గడియారం చూసుకున్నాడు. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. శవాన్ని కిందికి దించాక ఆమె దుప్పటి మార్చింది, నేల తుడిచింది, కిటికీ తెరిచింది. ఇంటికి పొమ్మని చాంద్‌బీ అంటే చీపురు మూలన పెట్టి వెళ్లిపోయింది.

బల్ల మీద గ్లాసు, అంచు దాకా నీళ్లతో, పెట్టినచోటే ఉంది.