చివరి సైకిలు వెనక

పొద్దుటినుంచీ వ్యాను సెకండ్ గేరు దాటలేదు. నిసార్ అహ్మద్ కుడికాలు ఆక్సిలరేటరు మీద ఆనీ ఆననట్టుంది. ఎదురుగా ఎర్ర జెర్సీలో ఒక వెడల్పాటి వీపు, దాని కింద సన్నటి సైకిలు, పక్కన బందరు కాలువ. ఈ ఆదివారం అతను చూసిన లోకం అంతే.

బెంజ్ సర్కిల్లో జెండా ఊపగానే బయల్దేరిన సైకిళ్ళు కూచిపూడి చేరాలి. పచ్చటి పొలాలు, కాలువ గట్లు, కొంగలు చూస్తూ హాయిగా తొక్కండని కరపత్రంలో వేశారు. చూసేవాళ్ళు చూస్తారు! నిసార్‌ది అందరి వెనకా నడిచే వ్యాను. కాళ్ళు పట్టేసినవాళ్ళను ఎక్కించుకోవాలి, చెడిపోయిన సైకిళ్ళను వెనక వేసుకోవాలి, చివరి సైకిలును మాత్రం దాటకూడదు. ఎక్కమని అడగనూ కూడదు, వాళ్ళకు చిన్నతనమట. ఆటోనగర్లో ముప్పై ఏళ్ళు లారీల కింద పడుకున్న మనిషికి ఇదో పెద్ద పనా? అరవైకి దగ్గరపడ్డాడు, గడ్డం నెరిసింది, గోళ్ళలో గ్రీజు మాత్రం అలాగే ఉంది. తనకేం కావాలో నోరు తెరిచి అడగడం ఆ మనిషికి ఏనాడూ చేతకాలేదు.

ఉయ్యూరు దాటాక ఫోన్ మోగింది. అక్క కూతురు అఫ్సా.

"మామూ, అమ్మీ పోయింది."

కొన్నాళ్ళుగా మంచాన ఉన్న మనిషే. అయినా నిసార్ ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"మధ్యాహ్నం జొహర్ నమాజు అవగానే తీసుకెళ్తారంట. నువ్వు రాకపోతే అమ్మీని ఎవరు దించుతారు మామూ?"

ఆడమనిషిని ఖబరు గుంతలోకి దించాల్సింది అయినవాళ్ళే. అక్క సుగ్రాకు భర్త లేడు, కొడుకుల్లేరు, అఫ్సాకింకా పెళ్ళి కాలేదు. ఉన్నదల్లా తమ్ముడు. ఆమె ఊరు ఈ కాలువకు అవతలి గట్టునే, ఇంకాస్త ముందుకెళ్తే కనిపిస్తుంది. తను వెళ్ళకపోతే ఎవరో పరాయివాడు అక్కను చేతుల్లోకి తీసుకోవాలి.

రైడు నడిపిస్తున్న కుర్రాడు సాత్విక్‌కు ఫోన్ చేశాడు.

"మా అక్క పోయింది బాబూ. కాస్త ముందుకెళ్ళి..."

"అయ్యో, వెరీ సారీ అంకుల్! కానీ లాస్ట్ రైడర్ వెనక వెహికల్ ఉండాల్సిందేనండీ, పర్మిషనే అలా ఇచ్చారు. ఫినిష్ అవగానే నేనే కారు పెట్టి పంపిస్తా, ప్రామిస్."

"సరే బాబూ."

సరే! అది తప్ప ఇంకో మాట వస్తే కదా ఆ నోటికి.

ముందున్న ఎర్ర జెర్సీ ఆయన రామకోటేశ్వరరావు, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. తుమ్మచెట్టు నీడన ఆగి ఎద్దులా రొప్పుతున్నాడు. నిసార్ దిగి దగ్గరికి వెళ్ళాడు.

"ఏం, ఎక్కించుకుందామనా? నేనెక్కనయ్యా! మనవరాలితో పందెం కట్టా. పాక్కుంటూనైనా పోతా."

నిసార్ నోరు తెరిచాడు. అక్క సంగతి నాలుక చివరిదాకా వచ్చింది.

"నీళ్ళు కావాలాండీ?" అన్నాడు.

మళ్ళీ సెకండ్ గేరు, మళ్ళీ అదే వీపు. ఇదే గట్టు మీద సుగ్రా అతనికి సైకిలు నేర్పింది. పరికిణీ ఎగదోపుకుని, సీటు పట్టుకుని వెనకే పరిగెత్తేది. "తొక్కరా, నేనున్నా!" సీటు వదలనే లేదు, ఓరోజు ఇద్దరూ కలిసే కాలువలో పడ్డారు. బతుకంతా ఊరందరి వెనకా నడిచినవాడి వెనక పరిగెత్తిన మనిషి ఆమె ఒక్కతే. నిసార్‌కు ఏడుపొచ్చింది. వీపు మసకబారితే బ్రేకు వేశాడు.

అవతలి గట్టున జొహర్ అజాన్ వినిపించింది. అది అయిపోయాక చాలాసేపటికి కూడా వ్యాను కాలువ వంపు తిరగలేదు. తిరిగేసరికి ఎదురు గట్టు మీద తెల్ల టోపీల గుంపు కదులుతోంది. వాళ్ళ భుజాల మీద సుగ్రా జనాజా, దానిపై ఆకుపచ్చ గుడ్డ.

కాస్త ముందు కాలువ మీద మనుషులు నడిచే వంతెనొకటి ఉంది. దాని మీద సైకిలు పడుతుంది, వ్యాను పట్టదు. బండి దాటాలంటే ఎక్కడో ఉన్న లాకుల దాకా పోవాలి.

నిసార్ బండి ఆపాడు. హ్యాండ్ బ్రేకు లాగి, లైట్లు ఆరివెలిగేలా పెట్టాడు. పొద్దున కాళ్ళు పట్టేసి ఇంటికెళ్ళిపోయిన సాయిశ్రీ అనే అమ్మాయి సైకిలు వెనకుంది. దాన్ని దించి ఎక్కాడు. మొదట వంకరటింకరగా పోయింది. తర్వాత దారికొచ్చింది.

"ఏవయ్యా! నువ్వు నన్ను దాటకూడదుగా!" అని అరిచాడు రామకోటేశ్వరరావు.

"పక్కకి జరగండి సార్! మా అక్కను దించాలి!"

అంత గొంతు తనకుందని నిసార్‌కే తెలీదు. పెద్దాయన గబుక్కున కాలు నేలకానించి దారిచ్చాడు.

వంతెన మీద సైకిలు గడగడలాడుతూ పోయింది. అవతలి గుంపులో ఎవరో చూసి చెయ్యెత్తారు. జనాజా ఆగింది. ముందు కొమ్ము మోస్తున్నతను పక్కకు తప్పుకుని నిసార్ భుజానికి చోటిచ్చాడు.

ఇవతలి గట్టు మీద వ్యాను తలుపు తెరిచే ఉంది. లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి, వెనక అద్దానికి కట్టిన 'చివరి బండి' అనే అట్ట కాలువ గాలికి టపటపా కొట్టుకుంటోంది.